మా ఇల్లా, మన ఇల్లా?

డాలస్‌లో మంచు ఎప్పుడో గానీ పడదు. పడిన రోజున పదిహేడేళ్ల పిల్ల ఫోను కిటికీ వైపు తిప్పి, గుంటూరులో ఉన్న తాతయ్యకు చూపిస్తూ ఏమనాలి? ‘మన ఇంటి ముందు చూడు తాతయ్యా’ అనాలా, ‘మా ఇంటి ముందు చూడు’ అనాలా? ఇంగ్లీషులో ఈ చిక్కే లేదు. ‘అవర్ హౌస్’ అంటే సరిపోతుంది. ఆ మాటలో తాతయ్య ఉన్నాడా లేడా అని ఎవరూ ఆరా తీయరు. తెలుగు ఆరా తీస్తుంది. ‘మన’ అంటే వినేవాడూ లోపలివాడే, ‘మా’ అంటే వినేవాడు గడప అవతల. నోరు విప్పిన ప్రతిసారీ గడప ఎక్కడుందో తేల్చుకోవాల్సిందే.

రెండు దేశాల మధ్య పెరిగే విద్యార్థుల గురించి మాట వచ్చినప్పుడు తేలిగ్గా దొర్లే పదం ‘కన్ఫ్యూజన్’. అమెరికాలో పుట్టిన దేశీ పిల్లలకు ‘ఏబీసీడీ’ అని పేరు పెట్టి, అందులో సీ అంటే ‘కన్ఫ్యూజ్డ్’ అని నవ్వుకోవడం పాతబడిపోయిన జోకు. ఆ జోకు వేసేది పెద్దవాళ్లు. పిల్లలు తమ గురించి రాసుకున్నవి చదివితే మాత్రం అయోమయం అంతగా కనిపించదు. ‘మీది ఏ ఊరు’ అన్న ప్రశ్నకు, అడిగేవారిని బట్టి జవాబు మార్చడం వాళ్లకు చిన్నప్పుడే అలవాటైపోతుంది. ఆ ప్రశ్న అడిగేవాటిలో మనుషుల కన్నా కాగితాలే ఎక్కువ. ఒక్కో కాగితానికీ ఒక్కో జవాబు కావాలి.

మొదట ఎదురయ్యేది కాలేజీ దరఖాస్తు వ్యాసం. అమెరికాలో చాలా కాలేజీలు తీసుకునే కామన్ యాప్‌లో విద్యార్థి తన గురించి 650 పదాలు మించకుండా రాయాలి. ఇచ్చే అంశాల్లో ఒకటి నేపథ్యం, అస్తిత్వం గురించే. అది చెప్పకపోతే తన దరఖాస్తు అసంపూర్ణమని అనుకునేవారు దాని గురించి రాయమంటుంది. ఏటా ఎండలు తగ్గే వేళకు తెలుగు ఇళ్లలో దీని మీద రాద్ధాంతం మొదలవుతుంది. ఈ వ్యాసానికి ఇప్పటికే ఒక మూస తయారైంది. మూడో తరగతిలో లంచ్ డబ్బా మూత తీస్తే పులిహోరలోంచి గుప్పుమన్న ఇంగువ వాసన. పక్కవాడు ముక్కు మూసుకుంటాడు. మర్నాటి నుంచి శాండ్‌విచ్ పెట్టమని అమ్మతో పేచీ. ఓ వేసవిలో తాతగారి ఊరు, మామిడి తోట, అమ్మమ్మ కలిపి పెట్టిన ముద్ద. పదకొండో తరగతికి వచ్చేసరికి అదే పులిహోరను బడిలో అందరికీ పంచిపెట్టడం. మధ్యలో కూచిపూడి రంగప్రవేశం ఉంటే ఇంకా దివ్యంగా ఉంటుంది. ఈ డబ్బా వ్యాసం వద్దు బాబోయ్ అని కౌన్సెలర్లు మొత్తుకుంటారు. కొరియా పిల్లలు కిమ్చీ పెట్టి రాసేదీ అదే మరి.

మూస అయినంత మాత్రాన అబద్ధమని కొట్టిపారేయలేం. ఇంగువా నిజమే, పేచీ నిజమే. అయితే ఈ వ్యాసం ఒక షరతు పెడుతుంది: గొడవంతా రాసేవాడి మనసులో జరగాలి, 650 పదాల్లో సర్దుకుపోవాలి. ‘నేను రెండు లోకాల బిడ్డను, రెండూ నావే’ అన్న చోట ఆగాలి. 2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తేల్చింది. అదే తీర్పులో, జాతి తన బతుకును ఎలా మలిచిందో అభ్యర్థి స్వయంగా చెప్పుకుంటే దాన్ని పరిశీలించడానికి అడ్డు లేదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. దరఖాస్తులో జాతి పేరుకు టిక్కు పెట్టే గడికి విలువ పోయి, ఆ బరువు వచ్చి వ్యాసం మీద పడింది. ‘నేనెవరిని’ అన్నది బాగా రాయగలగడం ఇప్పుడు పిల్లలకు ఒక అర్హత.

కొందరు తెలుగు పిల్లలు ఆ తర్వాత మూడు నాలుగేళ్లకే, ఒక్కోసారి అంతకన్నా ముందే, సరిగ్గా దీనికి వ్యతిరేకమైన జవాబు మరో కాగితానికి ఇవ్వాల్సి వస్తుంది. నాలుగేళ్ల వయసులో అమ్మానాన్నల వెంట శంషాబాద్‌లో విమానం ఎక్కిన పిల్లను తీసుకుందాం. తండ్రిది హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా, పిల్లది దాని మీద ఆధారపడ్డ హెచ్-4. ఆ హెచ్-4 పెళ్లికాని పిల్లలకు 21 ఏళ్లు నిండేదాకే. ఈలోగా తండ్రికి గ్రీన్‌కార్డు వస్తే పిల్లకూ వస్తుంది. రాదు, ఎందుకంటే లైను కదలదు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశం వాళ్లకూ 7 శాతానికి మించకూడదన్నది నియమం. చిన్న దేశానికీ ఇండియాకూ అదే 7 శాతం. 2025 చివర్లో, పెద్ద చదువులు చదివిన ఉద్యోగులకు ఉద్దేశించిన ఇ.బి.-2 కేటగిరీలో మనవాళ్ల వంతు 2013 నాటి దరఖాస్తుల దగ్గర ఉంది. 2013లో ఎనిమిదేళ్ల పిల్లకు 2025లో ఇరవై. దరఖాస్తు పరిశీలనలో గడిచిన రోజులను వయసులోంచి తీసేసే వెసులుబాటు 2002 నాటి చట్టం ఇచ్చింది గానీ, పన్నెండేళ్ల నిరీక్షణకు ఆ కొన్ని నెలల తగ్గింపు ఏ మూలకు?

ఇలా 21 నిండి హెచ్-4 పోవడాన్ని అమెరికా తెలుగు ఇళ్లలో ‘ఏజ్ అవుట్’ అంటారు. ఇంగ్లీషు మాటే అయినా తెలుగు వాక్యంలో చక్కగా ఇమిడిపోయింది: ‘మా పెద్దదానికి మార్చిలో ఏజ్ అవుట్ అయిపోతుంది.’ పెళ్లీడు గురించి మాట్లాడినంత మామూలుగా అంటారు, గొంతు మాత్రం తగ్గుతుంది. చిన్నప్పుడే వచ్చి కాగితాల్లేకుండా పెరిగిన పిల్లలకు 2012లో ఒబామా ప్రభుత్వం డాకా అనే రక్షణ ఇచ్చింది. ఆ ఏడాది జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా లేకపోవడం దానికి అర్హత. హెచ్-4 పిల్లలకు హోదా ఉంది, కాబట్టి వాళ్లు అనర్హులు. అన్ని నియమాలూ పాటించినందుకు దొరికిన ఫలం ఇది. కాగితాల్లేని ఆ పిల్లలను ‘డ్రీమర్స్’ అన్నట్టే, కాగితాలున్న వీళ్లను ‘డాక్యుమెంటెడ్ డ్రీమర్స్’ అంటున్నారు, రెండు లక్షలకు పైగా ఉంటారని అంచనా. వీళ్ల కోసం అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ పేరుతో 2021లో ఒక బిల్లు, 2023లో మళ్లీ అదే బిల్లు కాంగ్రెసు ముందుకొచ్చాయి. రెండుసార్లూ చట్టం కాలేదు.

ఇక ఆ పిల్లకు మిగిలిన దారుల్లో అందరూ పట్టేది విద్యార్థి వీసా, అంటే ఎఫ్-1. తనకు విదేశంలో ఒక నివాసం ఉందని, దాన్ని వదులుకునే ఉద్దేశం లేదని, చదువు కాగానే అక్కడికి వెళ్లిపోతానని చూపించగలిగిన వాళ్లకే ఎఫ్-1 ఇవ్వాలని చట్టం. తండ్రి హెచ్-1బీకి ఈ బాధ లేదు. స్థిరపడే ఆలోచన ఉన్నా పర్వాలేదని 1990 నాటి చట్టమే ఆయనకు మినహాయింపు ఇచ్చింది. ఏ ఉద్దేశమూ లేకుండా నాలుగేళ్ల వయసులో చంకెక్కి వచ్చిన పిల్ల మాత్రం తన ఇల్లు విదేశంలో ఉందని రుజువు చేసుకోవాలి. ఆ విదేశం పేరు ఇండియా. రెండేళ్లకోసారి మూడు వారాలపాటు చూసిన ఇండియా. తాతయ్య పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజులు, చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన నెట్‌వర్త్ సర్టిఫికెట్ ఫైల్లో చేరతాయి. కాలేజీ వ్యాసంలో ‘ఈ దేశం నన్ను పెంచింది’ అని రాసిన చేత్తోనే ఇక్కడ ‘నేను ఆ దేశానికి వెళ్లిపోతాను’ అని రాయాలి. ఇందులో ఏది అబద్ధం? రెండూ అబద్ధాలు కావు, రెండూ పూర్తి నిజాలూ కావు. అలాంటప్పుడు ఆ పిల్లను అయోమయంలో ఉందనడం అన్యాయం. ఏ కాగితానికి ఏం రాయాలో ఆమెకు స్పష్టంగా తెలుసు.

ఇంకో సంగతి. హెచ్-4 మీద ఉన్న పిల్లలు పని చేయకూడదు. వేసవి సెలవుల్లో స్నేహితులంతా ఐస్‌క్రీం షాపులోనో, ఈతకొలను దగ్గర లైఫ్‌గార్డులుగానో చేరిపోతారు. ‘నువ్వెందుకు చేరవు’ అని అడిగితే, వీసా సంగతి చెప్పడం ఇష్టంలేక ‘మా ఇంట్లో ఒప్పుకోరు, ఇండియన్ పేరెంట్స్ కదా’ అని తప్పించుకునే పిల్లలున్నారు. స్నేహితులు కూడా వెంటనే నమ్మేస్తారు. ఇండియన్ అమ్మానాన్నలు కఠినంగా ఉంటారన్నది బడిలో అందరికీ తెలిసిన విషయమే కదా! చట్టం వేసిన ముడిని సంస్కృతి మీదికి నెట్టేయడం అంటే ఇదే. ‘సంస్కృతుల సంఘర్షణ’ అని మనం చదివే కథనాల్లో ఎన్నింటి వెనక ఇలాంటి వీసా ముడి దాక్కుని ఉంటుందో!

ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్క హైదరాబాద్‌లో పుట్టింది, తమ్ముడు టెక్సస్‌లో. 1868 నాటి పద్నాలుగో సవరణ పుణ్యాన తమ్ముడు పుట్టుకతోనే అమెరికా పౌరుడు. ఇకమీదట ఇలాంటి తల్లిదండ్రులకు పుట్టే పిల్లలకు ఆ హక్కు వద్దంటూ 2025 జనవరి 20న వచ్చిన ఆదేశం కోర్టులకెక్కింది గానీ, అప్పటికే పుట్టిన తమ్ముడికి దానితో పనిలేదు. అక్కకు ఫెడరల్ ఆర్థిక సాయం లేదు, తమ్ముడికి ఉంది. ఇద్దరూ ఒకే బస్సులో ఒకే బడికి వెళ్లినవాళ్లే. ఇందులో తిరకాసు ఇంకా ఉంది. అదే తమ్ముడు రెండేళ్ల వయసులో అమ్మానాన్నలతో హైదరాబాద్ వచ్చేసి కోకాపేటలోనో గచ్చిబౌలిలోనో చదువుకున్నా పౌరుడే. టెక్సస్ బడిలో పన్నెండేళ్లు కూర్చున్న అక్క విదేశీయురాలే.

ఆమె ఎఫ్-1కి మారాక కాలేజీలో మొదటి వారం జరిగే తంతు చూడాలి. విదేశీ విద్యార్థుల ఓరియెంటేషన్. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, ఆపద వస్తే 911కి ఎలా ఫోన్ చేయాలి, పోలీసు కారు ఆపితే చేతులు ఎక్కడ పెట్టాలి, ఇక్కడ ‘హౌ ఆర్ యూ’ అంటే నిజంగా క్షేమసమాచారం అడిగినట్టు కాదు, ఇలాంటివన్నీ చెబుతారు. పక్క కుర్చీలో వరంగల్ నుంచి నాలుగు రోజుల క్రితం దిగిన ఎమ్మెస్ విద్యార్థి ఉంటాడు. అతనికి అదంతా అవసరమే, శ్రద్ధగా రాసుకుంటాడు. పక్కన ఒక తెలుగు పేరు కనిపించిందని ‘మీది ఏ ఊరండీ’ అని అడుగుతాడు. ఆమె ‘ప్లానో’ అంటుంది, అంటే డాలస్ పక్క ఊరు. ‘అది కాదండీ, అసలు ఊరు?’ ఈ ‘అసలు ఊరు’ అన్న మాట తెల్లవాళ్లు అడిగితే పిల్లలకు కోపం వస్తుంది. తెలుగువాళ్లు అడిగితే కోపం రాదు గానీ, చప్పున జవాబూ రాదు.

ఆ ఎమ్మెస్ కుర్రాడి పరిస్థితి వేరు, దాన్ని ఇక్కడ పెద్దగా సాగదీయనక్కర్లేదు. 2023–24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, చైనాను దాటిన సంఖ్య. అందులో తెలుగువాళ్ల జోరు ఎలాంటిదో చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసేవాళ్లను అడిగితే చెబుతారు. వీసా వచ్చాక నూటెనిమిది చేయడానికి మళ్లీ రావాలి. ఇరవై రెండేళ్లకు వెళ్లినవాడికి ‘మన’ ఏదో, ‘మా’ ఏదో తెలుసు. ‘ఇండియా వెళ్లిపోతాను’ అని వీసా ఆఫీసరుతో అన్నప్పుడు, వెళ్లినా వెళ్లకపోయినా, ఏ ఊరికి వెళ్లాలో అతనికి దారి తెలుసు. అప్పు తీరుతుందా, ఉద్యోగం దొరుకుతుందా అన్నది అతని దిగులు. తానెవరో అన్న దిగులు పడేంత తీరిక అతనికి లేదు.

ఇలా రెండు చోట్ల పెరిగే పిల్లలను సామాజిక శాస్త్రంలో ‘థర్డ్ కల్చర్ కిడ్స్’ అంటారు. ఆ పేరు పెట్టిన రూత్ యూసీమ్ దాన్ని కనిపెట్టింది ఇండియాలోనే. 1950లలో ఇక్కడ పనిచేస్తున్న అమెరికన్ కుటుంబాలను ఆమె, ఆమె భర్త కలిసి పరిశీలించారు. ఆ పిల్లలు ఇండియాలో పెరిగినా ఒక విషయంలో నిశ్చింతగా ఉండేవాళ్లు. తిరిగి వెళ్లే దేశం ఉంది, అది రమ్మంటుంది. ఆ పదాన్ని ఇప్పుడు హెచ్-4 పిల్లలకు తగిలించడం అతకని బట్టను కుట్టడం లాంటిది. వీళ్లకు రెండు తలుపులూ సగమే తెరిచి ఉన్నాయి.

రెండో తలుపు, అంటే మన వైపు తలుపు, సంగతీ చెప్పుకోవాలి. అమెరికా మీద అలిగి తిరిగొచ్చేస్తే ఇక్కడ హారతి పడతారని అనుకోవడం అమాయకత్వం. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. దానికి బదులుగా, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు కార్డు ఇచ్చే ఓసీఐ పథకం మొదలైందే 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో. ఓసీఐ కార్డున్నవాళ్లు రావచ్చు, ఉండవచ్చు. ఓటు వేయలేరు, సాగుభూమి కొనలేరు. తాతయ్య రెండెకరాలు వారసత్వంగా వస్తాయి గానీ, పక్కనే ఇంకో అరెకరం కొనడానికి వీల్లేదు. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ నీట్, జేఈఈ లాంటి ప్రవేశాల్లో వాళ్లను ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. ఇండియాలోనే చదువుకున్న ఓసీఐ పిల్లలు సుప్రీంకోర్టుకు వెళితే, ఆ తేదీ తర్వాత కార్డు తీసుకున్నవాళ్లకే ఇది వర్తిస్తుందని 2023 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది.

మరి మన పిల్లకు భారత పాస్‌పోర్టే ఉంది కదా, ఆమెకేం ఇబ్బంది అనిపించవచ్చు. ఆమెకు ఎదురయ్యేది ‘నాన్‌లోకల్’. ఈ మాట తెలుగువాళ్లకు వివరించనక్కర్లేదు, రెండు తరాల పోట్లాటలు అందులో ఉన్నాయి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులన్నది అందులోని ముఖ్యమైన కొలత. వైద్య సీట్లకు తెలంగాణ 2024లో తొమ్మిది నుంచి ఇంటర్ దాకా రాష్ట్రంలోనే చదివి ఉండాలని బిగించింది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దాన్ని సమర్థించింది. కొన్ని మినహాయింపులు పక్కన పెడితే, ఆ లెక్కలో ఇంటర్‌కి విజయవాడ వెళ్లినా ఒకటే, హ్యూస్టన్ వెళ్లినా ఒకటే. తాతముత్తాతలు కరీంనగర్ వాళ్లయినా, ఇంట్లో మాట్లాడేది కరీంనగర్ యాసే అయినా, స్టడీ సర్టిఫికెట్ లేకపోతే స్థానికత లేదు. ఒక దేశం ‘నీ ఇల్లు అక్కడుందని చూపించు’ అంటుంది, రెండో దేశం ‘నాలుగేళ్లు ఇక్కడున్నట్టు చూపించు’ అంటుంది.

కాగితాలన్నీ పక్కన పెడితే పిల్లల దగ్గర మిగిలేది తెలుగు. ఎలాంటి తెలుగు? 2017 నాటికే అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు నాలుగు లక్షలు దాటారు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు బడులు వేలమందికి అక్షరాలు నేర్పాయి, పద్యాలు కంఠతా పట్టించాయి. అది చిన్న పనేమీ కాదు. కానీ ఇంట్లో ఈ పిల్లల చెవిన పడే తెలుగు ఎక్కువగా ఒక రకమే: లే, పళ్లు తోముకో, తిను, షూ వేసుకో, ఫోను పక్కన పెట్టు, పడుకో. అన్నీ ఆజ్ఞలే. జవాబులు ఇంగ్లీషులో. అందుకని వాళ్ల తెలుగు పెద్దవాళ్లు చిన్నవాళ్లతో మాట్లాడే తెలుగుగా తయారవుతుంది. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన పంతులుగారిని ఎంతో మర్యాదగా, చిరునవ్వుతో ‘ఇక్కడ కూర్చో, కాఫీ తాగు’ అంటుంది పిల్ల. ఇల్లంతా ఘొల్లుమంటుంది. పిల్ల తప్పేముంది? ‘కూర్చోండి’ అని ఆమెతో ఎవరూ ఎప్పుడూ అనలేదు, ఎవరితోనైనా అనాల్సిన అవసరమూ రాలేదు. వాదించడానికి, అలగడానికి, చాడీలు చెప్పడానికి పనికొచ్చే తెలుగు అందితే తప్ప, వేదిక మీద పద్యం ఎంత రాగయుక్తంగా పాడినా అది పట్టుచీర లాంటిదే. పండక్కి కట్టుకుంటారు, మర్నాడు బీరువాలో పెట్టేస్తారు.

ఇంతా చేసి, ‘మన’, ‘మా’ తేడా మాత్రం ఈ పిల్లలు భలే పట్టుకుంటారు. వ్యాకరణం నేర్పినందుకు వచ్చినదేమీ కాదు, అవసరం నేర్పింది. తాతయ్యతో ‘మా స్కూల్’ అంటారు, ‘మన ఊళ్లో’ అంటారు, అది గుంటూరు గురించి. తమ్ముడితో ‘మన స్కూల్’ అంటారు, అక్కడ గుంటూరు ‘తాతయ్య వాళ్ల ఊరు’ అయిపోతుంది. అమ్మ మీద కోపం వస్తే ‘మీ ఇండియాలో’ అంటారు. ఆ ఒక్క అక్షరం మార్పుకి అమ్మ మొహం ఎలా మారుతుందో వాళ్లకు బాగా తెలుసు. 

వీసా స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వచ్చిన పిల్ల నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడి ‘చదువు కాగానే ఇక్కడికి తిరిగి వచ్చేస్తాను’ అని చెబుతుంది. పాస్‌పోర్టు చేతికొచ్చాక ప్రయాణం. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ‘వెళ్తున్నా అమ్మమ్మా’ అంటే, అమ్మమ్మ చేయి పట్టుకుని ఆపేస్తుంది. ‘వెళ్తున్నా అనకూడదు తల్లీ, వెళ్లొస్తా అనాలి.’ పిల్లకు నవ్వొస్తుంది. మొన్న ఆ కిటికీ దగ్గర ఆఫీసరు అడిగిందీ ఇదేనని అమ్మమ్మకు చెబుదామనుకుంటుంది గానీ, అంత తెలుగు చప్పున నోటికి రాదు. ‘వెళ్లొస్తా’ అని కారెక్కుతుంది.